దీపానికిచ్చిన గొర్రెలు

1978 ఎండాకాలం. విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే వేదాచలం రెండు కాగితాల కట్టలు చంకన పెట్టుకుని గురువు సోమసుందరం మాస్టారింటికి వెళ్లాడు. ఒకటి లెక్చరరుకు పైమెట్టైన రీడరు ఉద్యోగం కోసం సోమవారం దాఖలు చెయ్యాల్సిన పరిశోధన వ్యాసం. రెండోది పిల్లల కోసం రాస్తున్న నవల.

"మాస్టారూ, మా శాఖలో నన్ను కథల పంతులంటున్నారు. నవల మానెయ్యమంటారా?"

మాస్టారు దేనికీ వెంటనే బదులు చెప్పే మనిషి కాదు. ఏ రాత తెచ్చినా ముందు పైకి చదివించుకుంటారు. ఆ రోజు మాత్రం, నవలను తన తొమ్మిదేళ్ల మనవరాలు భార్గవికి చదివి వినిపించమన్నారు.

రెండు కట్టల్లోనూ విషయం ఒకటే. వెయ్యేళ్ల కిందట గుడిలో దీపం ఆరకుండా వెలగడానికి భక్తులు గొర్రెలనిచ్చి, ఆ దానాన్ని రాతి శాసనంలో చెక్కించేవారు. కాపరి వాటిని మేపుకుంటూ రోజూ ఇంత నెయ్యి తెచ్చి పొయ్యాలి. నవల అలాంటి ఒక కాపరి కథ. వ్యాసంలోనేమో వేదాచలం ఒక సీమలోని నూరేళ్ల శాసనాల్లోని గొర్రెలన్నిటినీ కూడి, ఆ సీమలో మందలు ఏటికేడు పెరిగాయని తేల్చాడు. ఆ తేల్చడం మీదే ఉద్యోగం ఆధారపడి ఉంది.

రెండు పేజీలు విని భార్గవి ఆవులించింది.

"ఇది పరీక్షలో వస్తుందా మామయ్యా?"

"రాదమ్మా."

"మరి ఇన్ని తేదీలెందుకు?"

వేదాచలం మొహం మాడ్చుకుని తేదీలు దాటేసి చదివాడు. కథ నడిచింది. కాపరికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. పిల్ల మళ్లీ అడ్డం వచ్చింది.

"ఇంకా ఆ గొర్రెలేనా? చచ్చిపోవూ?"

"చస్తాయమ్మా. తెగులొస్తే మందకు మందే పోతుంది. అప్పుడు దీపం కోసం ఇంకెవరో మళ్లీ..."

వేదాచలం గబగబా వ్యాసం కట్ట విప్పాడు. పోయిన మందకు బదులు ఇచ్చిన గొర్రెలను కూడా అతని వ్యాసం పెరిగిన గొర్రెల్లోనే కలిపేసింది. చచ్చినవాటిని ఒక్కచోటా తీసెయ్యలేదు. సరిచెయ్యాలంటే శాసనాలన్నీ మొదటినుంచీ చూసుకు రావాలి. సోమవారానికి రెండు రోజులే ఉన్నాయి.

భార్గవి ఆటకు వెళ్లిపోయింది. వేదాచలం గొంతు తగ్గించి అన్నాడు.

"కమిటీలో ఈ తప్పు పట్టేవాళ్లెవరూ లేరు మాస్టారూ."

"ఉండరు. వాళ్లందరికీ తొమ్మిదేళ్లు ఎప్పుడో దాటాయి," అన్నారు మాస్టారు.

సోమవారం వేదాచలం వ్యాసం దాఖలు చెయ్యలేదు. నవల వానలు పడేనాటికి పూర్తయింది. రీడరు ఉద్యోగం అతనికన్నా చిన్నవాడికి ఇచ్చారు. వేదాచలం మరో ఏడేళ్లు లెక్చరరుగానే ఉన్నాడు.