విచ్చుకోనివ్వని గులాబీ

ఆచార్యులు గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ఆయన దగ్గర తన తరవాత చేరిన శిష్యుడు తనను మించిపోతున్నాడని కేశవులుకు కంటగింపుగా ఉండేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"అతనికి చెడు జరగాలని నేను కోరడం లేదు స్వామీ. అతనికున్నది నాకూ ఉండాలంటున్నాను, అంతే. అదీ తప్పేనా?"

ఆయన "మా వీధి వరహాలమ్మ గారు కూడా అంతే కోరుకున్నారు" అంటూ చెప్పసాగారు.

గులాబీకి అంటు కట్టడంలో వరహాలమ్మ చెయ్యి తిరిగిన మనిషి. నాటు మొక్క బెరడు చీల్చి, అందులో మేలురకం కొమ్మ నుంచి కోసిన చిగురు కన్ను పొదిగి, నారతో చుట్టిందంటే చిగురు వేయాల్సిందే. అయినా వీధిలో జనం ఆగి చూసేది పక్కింటి మంగతాయారు గుమ్మం ముందు. అక్కడ నేరేడుపండు రంగు గులాబీ పూసేది. మంగతాయారుకి దానికి నీళ్ళు పోయడం తప్ప ఇంకేమీ తెలియదు. అదే వరహాలమ్మకు మింగుడుపడలేదు.

కొమ్మ అడిగితే చులకనైపోతానని ఆవిడ అడగలేదు. పక్కింటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు ఒక కన్ను కోసి తెచ్చి, పెరట్లో కట్టెల మోపుల వెనక అంటు కట్టింది. మూడు వారాలకు చిగురేసింది. తరవాత మొగ్గ తొడిగింది. విచ్చుకుంటే ఆ రంగు అందరికీ తెలిసిపోతుంది. అందుకని గిల్లేసింది. రెండేళ్ళపాటు వచ్చిన ప్రతి మొగ్గనీ అలాగే గిల్లేసింది.

ఆ తరవాతి వేసవిలో మంగతాయారు మొక్క వేళ్ళకు చెద పట్టింది. ఎండిన కొమ్మ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"ఇందులో ఒక్క కన్నయినా బతికుందేమో చూడండి వదినగారూ. మీరు తలుచుకుంటే నిలబెట్టగలరు."

ఒక్కటీ బతికి లేదు. ఆ మాట చెప్పి పంపేయవచ్చు. వరహాలమ్మ కొమ్మ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరకు మంగతాయారు చెయ్యి పట్టుకుని కట్టెల వెనక్కి తీసుకెళ్ళి, కోసి తెచ్చిన కన్ను సంగతి చెప్పింది.

భుజం ఎత్తు పెరిగిన ఆ మొక్కను మంగతాయారు చూసింది. గిల్లిన కొసలన్నీ ఒక్కొక్కటే తడిమింది.

"ఒక్క పువ్వయినా విచ్చుకోనివ్వలేదా వదినగారూ?" అంది.

కేశవులు ఆశ్చర్యపోయాడు. "తిట్టనైనా తిట్టలేదా స్వామీ?"

ఆచార్యులు గారు లేచి, పైపంచె దులుపుకున్నారు.

"తిట్టి ఉంటే వరహాలమ్మ గారి బాధ ఆ పూటతో పోయేది నాయనా."