మూడో పొయ్యి

దర్గాకు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టే లంగర్‌ఖానాలో మౌలాలి వంటవాడు. అక్కడ మూడు పెద్ద గ్యాస్ పొయ్యిలు. భోజనాల బంతులు లేచాక రెండు ఆర్పేసేవాడు. మూడోది మాత్రం సన్నగా వెలుగుతూనే ఉండేది. దాని మీద ఒక పప్పు గిన్నె. అడుగంటకుండా పొద్దస్తమానం అందులో నీళ్ళు పోస్తూ, కలుపుతూ కూర్చునేవాడు. సాయంత్రానికి అది పప్పో నీళ్ళో ఆ దేవుడికే తెలియాలి.

గ్యాస్ దండగని ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి ఒక గురువారం వంట సగంలో ఉండగా గ్యాస్ అయిపోయింది. ఎంతో దూరం నుంచి నడిచొచ్చిన వాళ్ళు పస్తులతో తిరిగిపోయారు. తోటివాళ్ళు మౌలాలిని ముఖం మీదే తిట్టిపోశారు.

మర్నాడు మధ్యాహ్నం గురువు కమాల్ షా వంటింట్లోకి వచ్చాడు. కొత్త సిలిండర్ వచ్చింది, మూడో పొయ్యి మళ్ళీ వెలుగుతోంది.

"ఎవరి కోసరం ఇది?"

"మా తమ్ముడి కోసరం, బాబా. పోయినేడు ఒక దినం వచ్చినాడు. అప్పటికి పొయ్యిలన్నీ ఆర్పేసినా. ఈ చాప మీద కూర్చోరా, వేడి చేసి తెస్తా అన్నా. పళ్ళెం తెచ్చేసరికి లేడు. మళ్ళా జాడ లేదు." మౌలాలి గిన్నెలో ఇంకాసిని నీళ్ళు పోశాడు. "నాకుండేది వాడొక్కడే. ఈసారి వస్తే వాణ్ణి ఒక్క నిమిషం కూడా కాచుకోనియ్యను. నన్ను వంటింట్లోంచి తీసేయండి, పోతా. ఆ పొయ్యి మాత్రం ఆర్పొద్దండి."

గురువు వంగి పొయ్యి ఆర్పేశాడు.

ఎన్ని తిట్లు పడ్డా చలించని మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గురువు చెప్పులు తొడుక్కుని గేటు దాటి వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాడు మౌలాలి. ఇక తనకు ఈ చోటు కూడా లేదనుకున్నాడు.

కాసేపటికి గుమ్మంలో అడుగుల చప్పుడు. గురువే.

"ఆకలేస్తాంది. ఏమన్నా ఉందా?"

మౌలాలి గబగబా గిన్నె కింద పొయ్యి ముట్టించి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. గురువు చాప మీద కూర్చుని పక్కన చేత్తో తట్టాడు.

"మూత పెట్టు. దాని పని అది చేసుకుంటాది. నువ్వు రా."

మౌలాలి వచ్చి కూర్చున్నాడు. కళ్ళు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి.

"నువ్వు తిన్నావా?" అన్నాడు గురువు.

ఇన్నేళ్ళూ ఊరందరికీ వండిపెట్టాడు గానీ, ఆ మాట తనను అడిగినవాళ్ళు లేరు. లేదని తల ఊపాడు. ఆ తర్వాత ఎక్కడ మొదలుపెట్టాడో అతనికే తెలియదు. అమ్మ పోయాక తమ్ముడు తన చొక్కా పట్టుకుని నిద్రపోయేవాడట. ఉరుమంటే భయమట. పోయినేడు వచ్చినప్పుడు ముఖం బాగా పీక్కుపోయి ఉందట. ఏదో చెప్పబోయాడట కూడా. గురువు వింటూ కూర్చున్నాడు.

గిన్నె మీద మూత గడగడలాడింది. మౌలాలి ఉలిక్కిపడ్డాడు.

"అప్పుడే కాగిందా?"

"ఆ దినమూ ఇంతసేపే పట్టింటాది," అన్నాడు గురువు. "అంతసేపూ వాడు ఈ చాప మీద ఉన్నాడు. నువ్వెక్కడున్నావు?"

మౌలాలి లేచి, తన చేత్తోనే పొయ్యి ఆర్పాడు.