మల్లంపూడి రాజుగారి మోటారు బేరం

మల్లంపూడి రాజు విజయగోపాలరాజుగారికి ఒక కోరిక పుట్టిందంటే, అది తీరేదాకా కోటలో ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. ఈసారి పుట్టింది మోటారు కోరిక.

పట్నం వర్తకులు రెండు కార్లు తెచ్చి కోట ముందు నిలబెట్టారు. ఒకటి సరికొత్త స్పోర్ట్స్ కారు. తాళం తిప్పగానే కదులుతుంది, జోరుగా పోతుంది, గొడుగూ టిఫిను క్యారియరూ పెట్టుకోవడానికి వెనకాల చోటు కూడా ఉంది. రెండోది ఇటలీ దొరలు ఎప్పుడో వాడి వదిలేసిన ఎర్ర కారు. చూసినవాడు చూపు తిప్పుకోలేడు. దాని గర్జన వింటే ఊరకుక్కలు అరుగుల కిందికి దూరతాయి. కాకపోతే కదలడం మాత్రం దాని దయ.

రాజుగారు రెండూ ఎక్కి చూశారు. బుద్ధి కొత్తదాన్ని కొనమంటోంది, మనసు పాతదాన్ని వదలనంటోంది. ఒక్కటే కొంటాను, ఏదో మీరే తేల్చండి అని కొలువులో అడిగారు.

దివాను భీమశంకరంగారు వెంటనే ఎర్ర కారు పేరు చెప్పారు. ఆయనకు మోటార్ల గురించి తెలిసింది సున్న. రాజుగారి మనసు ఎటు మొగ్గుతోందో పసిగట్టడంలో మాత్రం దిట్ట.

రాజుగారి వెన్నంటి ఉండే కూర్మయ్యకు మొన్న కార్లు ఎక్కి చూసినప్పటి సంగతి గుర్తుంది. ఆ ఎర్ర కారు ఏటి వంతెన మీద మొరాయిస్తే రాజుగారు ఎండలో నిలబడ్డారు. మరో నలుగురితో కలిసి దాన్ని కోటదాకా తోసిన కూర్మయ్య నడుం ఇంకా పట్టేసే ఉంది. ఆ ముక్కే చెప్పి, కొత్తదే మేలని విన్నవించుకున్నాడు.

భీమశంకరంగారు తేలిగ్గా నవ్వేశారు.

"మహారాజులకు తొందరేమిటయ్యా? వారు ఎప్పుడొస్తే అదే వేళ. వేళ చూసుకుని పరుగులు పెట్టడానికి వారేమైనా నీలాంటివారా?"

కొలువంతా తలలూపింది. ఆ ఊపులో దివానుగారు పందెం కూడా వేశారు. కూర్మయ్య మాట నెగ్గితే మోటారుఖానా పెత్తనం అతనిదేనట. నెగ్గకపోతే కొలువు మానుకుని పోవాలట. సరదామీద ఉన్న రాజుగారు సరేననేశారు.

కూర్మయ్యది తాత నాటి నుంచి వస్తున్న కొలువు. ఇది కాస్తా పోతే ఇంటిల్లిపాదీ ఎక్కడ తలదాచుకోవాలి? రాజుగారి చూపు చూస్తే ఎర్ర కారు మీదనే ఉంది. ఇక వాదించి లాభం లేదని అతనికి అర్థమైపోయింది.

అందుకని చేతులు జోడించి ఓటమి ఒప్పేసుకున్నాడు. దివానుగారి చూపే చూపనీ, రాజులకు తగినది ఎర్ర కారేననీ నోరారా పొగిడాడు. దివానుగారు మీసం దువ్వుకున్నారు.

ఇక్కడొక ఆచారం చెప్పాలి. మల్లంపూడి కొలువులో ఎవరింట ఆడపిల్ల పెళ్ళయినా, పెళ్ళికొడుకును విడిది నుంచి పందిరికి రాజుగారి బండిలోనే తీసుకురావాలి. దివానుగారి రెండో అమ్మాయి పెళ్ళి మర్నాడే. విడిది ఏటికి అవతల ఉంది.

కూర్మయ్య ఎంతో వినయంగా అడిగాడు.

"వర్తకులు రేపటిదాకా రెండు కార్లూ ఇక్కడే ఉంచుతామన్నారు. అల్లుడుగారికి ఏది పంపమంటారు, దివానుగారూ?"

గెలుపు మత్తులో ఉన్న దివానుగారికి పురోహితుడూ, పందిరీ, అన్నిటికన్నా ముందు ఇల్లాలి మొహమూ కళ్ళముందు మెదిలాయి.

"కొత్తదే పంపించు నాయనా. ఆ ఎర్రది వంతెన మీద కూలబడితే లగ్నం కాస్తా దాటిపోతుంది."

కూర్మయ్య రాజుగారి వైపు తిరిగాడు.

"దివానుగారి అల్లుడు వేళకు చేరాలట ప్రభూ. తమరు మాత్రం ఎప్పుడు చేరితేనేం, అసలు చేరకపోతేనేం?"

భీమశంకరంగారు నాలుక కరుచుకున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోలేం. అంతలో రాజుగారే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఇక ఆ నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

కళ్ళు తుడుచుకుని, తన భుజం మీది శాలువా తీసి కూర్మయ్యకు కప్పి, కొత్త కారు తాళాలు అతని చేతిలో పెట్టారు.

"నువ్వేం దిగులుపడకు భీమశంకరం, రేపు నీ అల్లుణ్ణి నేనే స్వయంగా తీసుకొస్తాను" అన్నారు. దాంతో దివానుగారు కూడా నవ్వక తప్పలేదు.