మంచం పక్కన బల్ల

దస్తగిరి మద్దెల వాయించే తీరు సుంకన్నకు నచ్చలేదు. నిన్నా మొన్నటి మాట కాదు, ఏడాదిగా నచ్చడం లేదు. పదం చివరికి వచ్చేసరికి మద్దెల దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడుతుంది. తాను తాళం ఠంచనుగా వేస్తాడు, మద్దెల వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. నలుగురిలో నవ్వులపాలు కావడానికా ఈ భజన అని ఆయన బాధ.

ఆయన బాధకు కారణం లేకపోలేదు. కాలవల శాఖలో ముప్పై ఏళ్ళు కొలతలు తీసి రిటైరైన మనిషి. టేపు ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. గోడమీద పటం అర అంగుళం ఒరిగితే అన్నం సయించదు. అలాంటి మనిషి చెవిలో ప్రతి సోమవారం ఆలస్యపు దెబ్బలు పడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఎమ్మిగనూరు దగ్గర పల్లెలో ఉరుకుందమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఒకప్పుడు మగ్గం నేసి బతికింది. తన గురువు దగ్గర నేర్చిన తత్వాలు పాడుతూ, అడిగినవాళ్ళకు నాలుగు మాటలు చెబుతూ ఉండేది. శిష్యులంటే పది పన్నెండు మంది. అందరికీ ఆమె అవ్వే. సోమవారం పొద్దుగూకే వేళకు ఆ ఇంట్లో భజన. అవ్వ పాడుతుంది, సుంకన్న తాళం, దూదేకుల దస్తగిరి మద్దెల. సుంకన్న ఉపదేశం తీసుకుని పదకొండేళ్ళయింది, ఆ పదకొండేళ్ళలో ఒక్క సోమవారం తప్పలేదు.

అవ్వ గురువుగారి ఆరాధన వారం రోజుల్లో ఉందనగా సుంకన్న ఇక ఆగలేకపోయాడు. చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు, వాళ్ళ ముందు ఆ మద్దెల వినలేడు. ఒక్కడే వెళ్ళి అవ్వ ముందు నిలబడ్డాడు.

"మద్దెలకు ఇంకో మనిషిని పెట్టు అవ్వా. దస్తగిరి ఉంటే నేనుండను."

అనేశాడు గానీ, ఆ మాట బయటపడ్డాక తన గుండే కలుక్కుమంది. అయినా వెనక్కి తీసుకోలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. కింద ఉన్న నీళ్ళ చెంబు కోసం వంగి, అందక, నడుం పట్టుకుని మళ్ళీ లేచింది.

"వంగలేకపోతున్నా సుంకన్నా. మంచం ఎత్తున చిన్న బల్లొకటి చేసిపెట్టు. నీ మాటకు ఆ తర్వాత జవాబు చెప్తా."

సుంకన్నకు ఇంతకంటే కావలసిందేముంది! ఇంట్లో పాత వేపచెక్క తలుపు ఒకటి అటక మీద పడి ఉంది. దాన్ని దించి, రంపంతో కోసి, చిత్రిక పట్టి, మూలమట్టం పెట్టి మూలలు సరిచూసి, రెండు రోజుల్లో బల్ల తయారు చేశాడు. నాలుగు కాళ్ళూ సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు. పైన రసమట్టం పెడితే బుడగ నట్టనడుమ నిలబడింది. భార్యను పిలిచి, అంచుదాకా నీళ్ళు పోసిన గ్లాసు దానిమీద పెట్టించి, చుక్క తొణకలేదని ఆమె చేతనే అనిపించుకున్నాడు.

తీసుకెళ్ళి అవ్వ మంచం పక్కన పెట్టాడు. చెయ్యి ఆనించగానే టక్కుమంది. ఇటు నొక్కితే అటు లేస్తుంది, అటు నొక్కితే ఇటు.

సుంకన్న మొహం చిన్నబోయింది. కింద చెక్కముక్క పెట్టి సరిపెట్టడం ఆయన వంశంలో లేదు. రంపం తీసి ఒక కాలు గోరు మందం కోశాడు. ఊగడం పోలేదు, ఎదుటి మూలకు మారింది. ఆ కాలూ కోశాడు. మొదటిది లేచింది. అవ్వ మంచం మీంచి మెడ చాచి, వింత చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు ఏ కాలిది తప్పు నాయనా?" అని అడిగింది.

సుంకన్న బల్లను చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. నాలుగు కాళ్ళూ మళ్ళీ సమానంగా కోశాడు. పదిహేడున్నర అంగుళాలకు దిగింది. తన ఇంటి సిమెంటు నేల మీద రాయిలా నిలబడింది. అవ్వ ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ టక్కుమంది.

అప్పుడు నేలమీద బోర్లా పడుకుని, చెంప ఆనించి చూశాడు. పాతకాలపు నాపరాళ్ళ పరుపు అది. ఒక రాయి కుంగింది, ఒకటి లేచింది. బల్లలో దోషం లేదు, నేలదే! పోయిన ప్రాణం లేచొచ్చింది ఆయనకు. ఇద్దరు మనుషులను పిలిపిస్తే రెండు రోజుల్లో బండలన్నీ పెకలించి మట్టంగా పరిపిస్తానని, ఖర్చంతా తనదేనని చెప్పాడు.

"బల్ల కోసం ఇల్లు తవ్వుతావా?" అంది అవ్వ.

మంచం మీంచి మెల్లగా దిగింది. బల్లను రెండు చేతులా పట్టుకుని, తిరగలి తిప్పినట్టు రవ్వంత తిప్పింది. టక్కుమంది. ఇంకా రవ్వంత తిప్పింది. మళ్ళీ టక్కుమంది గానీ ఈసారి చిన్నగా. ఇంకొంచెం తిప్పి, పైన అరచెయ్యి ఆనించి నొక్కింది. చప్పుడు రాలేదు.

"నీళ్ళ చెంబు పెట్టు."

పెట్టాడు. నాలుగు మూలలూ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ఏ మూలా కదల్లేదు. అదే బల్ల, అవే బండలు. కాకపోతే బల్ల గోడకు ఏటవాలుగా ఉంది, ఒక మూల మంచం వైపు పొడుచుకొచ్చింది. అది చూస్తుంటే సుంకన్నకు కళ్ళు దురద పెట్టాయి.

"వంకరగా ఉంది అవ్వా."

"నిలబడింది కదా."

మరి దస్తగిరి సంగతి ఏమిటని ఆయన నసిగాడు. అవ్వ చెంబెత్తి నీళ్ళు తాగింది, మళ్ళీ బల్ల మీద పెట్టింది, సోమవారం రమ్మని చెప్పి అటు తిరిగి పడుకుంది.

సుంకన్నకు ఇక దస్తగిరి గుర్తు లేడు. అదెలా నిలబడింది? ఇంటికి పోతూనే వంటింట్లో నాలుగుకాళ్ళ పీట పట్టుకొచ్చి పెరట్లో గుంతల నేల మీద పెట్టాడు. ఊగింది. తిప్పుతూ పోయాడు. ఒకచోట నిలబడింది. గొడ్లపాకలోకి తీసుకెళ్ళి ఎగుడుదిగుడు రాళ్ళ మీద తిప్పాడు. అక్కడా నిలబడింది. మెట్ల పక్కన కూడా అంతే. పీట కోసం వెతుక్కుంటూ వచ్చిన భార్య, ముక్కున వేలేసుకుని, ఈ వయసులో ఇదేం ఆట అని అడిగింది. ఆయన టేపు జేబులోంచి తియ్యనే లేదు. ఇంకోచోట తిప్పి చూడాలని పీటతో వీధిలోకి పోయాడు.

ఆరాధన జరిగే సోమవారం వచ్చింది. అవ్వ ఇల్లు జనంతో నిండింది. దస్తగిరి అవ్వకు ఎదురుగా, మద్దెల ముందేసుకుని, తలొంచుకుని కూర్చున్నాడు. తన గురించి సుంకన్న ఏమన్నాడో ఎవరో అతని చెవిన వేసే ఉంటారు.

ఇన్నాళ్ళూ సుంకన్న అవ్వ మంచానికి వీపు ఆనించి, జనం వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. ఆ పూట కూడా అక్కడే కూర్చోబోయాడు. ఏమనుకున్నాడో, తాళాలు పట్టుకుని లేచి, జనాన్ని తప్పించుకుంటూ చుట్టూ తిరిగి, వెళ్ళి దస్తగిరి పక్కన కూర్చున్నాడు. దస్తగిరి బిత్తరపోయి కొంచెం జరిగి చోటిచ్చాడు.

అవ్వ తత్వం ఎత్తుకుంది. పాడుతున్నప్పుడు ఆమె మొహం సుంకన్న ఎదురుగా చూడడం అదే మొదలు. పదం మధ్య వరకూ బాగానే సాగింది. చివరికి వచ్చేసరికి ఆమెకు గాలి అందలేదు. మెడ నరాలు తేలాయి. నోరు తెరిచి ఆగిపోయింది.

పక్కన దస్తగిరి చెయ్యి మద్దెలకు జానెడు పైన ఆగి ఉంది. చూపు అవ్వ గొంతు మీదే ఉంది. ఆమె గాలి పీల్చుకుని, చివరి మాట అందుకుంది. అప్పుడు వేశాడు దెబ్బ.

సుంకన్న తాళం అప్పటికే మోగిపోయింది.

ఏడాదిగా తాను వెనక్కి తిరిగి కూడా చూడకుండా, ఆ ముసలిప్రాణాన్ని ఠంచనుగా పరిగెత్తించాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అయినా ఎత్తాడు, ఎత్తకపోతే ఆమె మొహం కనబడదు కదా.

రెండో చరణం చివర అవ్వ మళ్ళీ ఆగింది. మద్దెలా ఆగింది, తాళాలూ ఆగాయి. ఇద్దరూ ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు. అవ్వ తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది.