ఖాసింబీ మిషను

నబిరసూలు ఆ మధ్యాహ్నం లాలప్ప స్వామి దగ్గరికి వచ్చినాడు, ఏ వాక్యూమ్ క్లీనర్ కొనాలో అడగడానికి.

నవ్వుకుంటే నవ్వుకోండి. అక్కడ కూర్చున్న శిష్యులు కూడా నవ్వినారు. దర్గా పక్క రేకుల పంచలో ఉండే ఆ ముసలాయన దగ్గరికి పిల్లలు లేనోళ్లు వస్తారు, గాలి సోకినోళ్లు వస్తారు, గట్టు తగాదాలున్న అన్నదమ్ములు వస్తారు. దుమ్ము పీల్చే మిషను గురించి వచ్చినోడు మాత్రం ఇతనొక్కడే. స్వామి నవ్వలేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు దూదేకి, పరుపులు కుట్టి బతికినోడు. దుమ్మంటే ఆయనకు పరాచికం కాదు.

మా ఊరు చూడనోళ్లకు ఒక మాట చెప్పాల. మాది నాపరాళ్ల ఊరు. రాయి కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు పొద్దస్తమానం తిరుగుతానే ఉంటాయి. ఆ తెల్లపొడి చెట్ల మీద పడుతుంది, బర్రెల వీపుల మీద పడుతుంది, పెళ్లిపందిట్లో కూర్చున్న పెళ్లికూతురి మీద కూడా పడుతుంది. ఊడ్చినోళ్లకు ఊడ్చినంత. దాన్ని తినే పెరిగినాము కాబట్టి మేమెవరమూ పెద్దగా పట్టించుకోము.

రసూలుకు పట్టించుకోక తప్పలేదు. ఆయన కూతురు జైబున్‌కు ఆరేళ్లు. ఏడాదిగా దగ్గుతూనే ఉంది. కర్నూల్లో డాక్టరు పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడంట. ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకో, లేదంటే ఈ పిల్ల నీకు దక్కేది కష్టం అని మొగం మీదే చెప్పేసినాడంట. అప్పటి నుంచి రసూలు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి రావడం, ఇంట్లో మిషను తిప్పడం. రోజూ అదే పని. తిప్పేకొద్దీ పిల్లకు దగ్గు ఎక్కువైంది.

మిషను పాతబడిపోయింది, మోటారు కాలిన వాసన వస్తోంది, అందుకే కొత్తది చూద్దామని కర్నూలు షాపుకు పోయినాడు. షాపాయన మంచోడే. వరసగా అన్నీ చూపించినాడు. సంచి లేకుండా డబ్బాలో దుమ్ము పట్టేవి, డబ్బా కడుక్కుంటే చాలు. చీపురుకట్ట మాదిరి నిలువుగా ఉండేవి. తీగ లేకుండా చార్జింగు పెట్టుకునేవి. మోటారు ఎంత పెద్దదని చూసి మోసపోవద్దు, ఎనకాల ఫిల్టరు ఎట్లాంటిదో చూడు, ఇంట్లో దగ్గే పిల్ల ఉందంటున్నావు కాబట్టి అదే నీకు ముఖ్యం అన్నాడు. బరువెంతో ఎత్తి చూడమన్నాడు, తీగ పొడవు చూడమన్నాడు.

రసూలు అన్నీ విని, తువ్వాలలో చుట్టి తెచ్చిన ఒక గుడ్డసంచిని బయటికి తీసినాడు. ఒక్కో మిషను మూత తెరిపించి, ఇందులోకి ఈ సంచి పడుతుందా అని అడిగినాడు. పాత మిషనులోని సంచి అది. దుమ్ముతో బిర్రుగా నిండిపోయి ఉంది. షాపాయన ఎగాదిగా చూసి, ఒంట్లో బాగుందా అప్పా నీకు అన్నాడంట.

"ఈ సంచి పట్టే మిషను యాడన్నా దొరుకుతాదా స్వామీ?" అన్నాడు రసూలు. ఆయన ఒళ్లో ఆ తువ్వాల మూట అట్లనే ఉంది.

శిష్యులు మళ్లీ నవ్వబోయినారు. స్వామి చెయ్యి ఊపితే లేచి బయటికి పోయినారు.

"సంచి దులపకుండా ఎందుకు పెట్టుకున్నావు?"

రసూలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ మిషను ఖాసింబీది. ఖాసింబీ ఆయన పెళ్లాం, పోయిన వానాకాలం జ్వరమొచ్చి చనిపోయింది. ఆమె ఫ్యాక్టరీ ఓనరు ఇంట్లో పనిచేసేది. వాళ్లు కొత్తది కొనుక్కుని పాతది ఆమెకిచ్చేసినారు. ఆ మురిపెం ఇంతా అంతా కాదు. వాడకట్టు ఆడోళ్లందరినీ పిలిచి తిప్పి చూపించింది. వారం వారం సంచి దులిపేది. మంచం పట్టే ముందురోజు కూడా ఇల్లంతా తిప్పింది. ఆమె రాలిన వెంట్రుకలు, ఆమె పూసుకున్న పౌడరు, తలంటుకున్నాక వేసుకున్న సాంబ్రాణి బూడిద, అన్నీ ఆ సంచిలోకే పోయినాయి.

ఆమె పేరున నలభై దినాల ఫాతెహా చదివించినాక రసూలు మొదటిసారి ఆ మిషను తిప్పినాడు. తిప్పీ తిప్పగానే ఖాసింబీ తలనూనె వాసన. ఇల్లంతా నిండిపోయింది. చేతిలో పైపు పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చినానన్నాడు. తిప్పినప్పుడల్లా అదే వాసన. లోపలి గదికి అడ్డంగా ఆమె పాతచీర తెరగా కట్టి ఉంటుంది. మిషను తిరుగుతుంటే ఆ చీర ఎనక ఎవరో ఆనుకుని నిలబడినట్టు నిండుగా ఉబ్బుతుంది. స్విచ్చి ఆపేసినాక ఇల్లు నిమ్మళంగా అయిపోతుందా, అప్పుడు లోపలి గదిలోంచి సన్నగా రాగం వినిపిస్తుంది. ఖాసింబీకి పనిచేసుకుంటూ పెదాలు మూసుకుని రాగం తీసే అలవాటు ఉండేది.

"లోపలికి పోయి చూసినావా?" అన్నాడు స్వామి.

"లేదు స్వామీ. పోతే ఆగిపోతాదేమోనని భయం. గడప కాడనే నిలబడి వింటాండా."

కళ్లు తుడుచుకుని, ఇది అందరికీ దక్కే భాగ్యం కాదు కదా, మనసులో కల్మషం లేకుండా ప్రేమించినోడికే కదా ఇట్లాంటివి కనపడేది అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు ఆ మాట. మనిషి ఎంత దుఃఖంలో ఉన్నా గొప్ప అనేది ఎక్కడో ఒకచోట సందు చూసుకుని దూరుతుంది. నేనేం తప్పు పట్టను. ఇప్పుడు ఆ మోటారు కాలిపోతే ఆమె ఇంక రాదేమోనని ఆయన దిగులు.

స్వామి ఆ మిషను ఎట్ల పనిచేస్తుందో చెప్పమన్నాడు.

మిషన్ల మధ్య బతికినోడు కాబట్టి రసూలు ఉషారుగానే చెప్పినాడు. లోపల ఒక ఫ్యాను ఉంటుంది. అది లోపలి గాలిని ఎనక్కి తోసేస్తుంది. లోపల గాలి పలచబడుతుంది. ఆ వెలితి నింపడానికి బయటి గాలి పైపులోంచి తోసుకుని వస్తుంది, వస్తూ వస్తూ దుమ్మును ఈడ్చుకొస్తుంది. దుమ్ము సంచిలో నిలిచిపోతుంది, గాలి ఎనకాల బొక్కల్లోంచి బయటికి పోతుంది.

"దుమ్మంతా నిలిచిపోతాదా?"

"లావు దుమ్ము నిలుస్తాది స్వామీ. సన్నది గుడ్డలోంచి దూరి గాలితో పాటు పోతాది. దాన్ని పట్టడానికే ఫిల్టరు పెట్టేది."

"నీదానికి ఉండాదా?"

రసూలు ఒళ్లోని మూటను సర్దుకున్నాడు. ఉండేదని, పూడుకుపోయిందని, తనే పీకేసినానని గబగబా చెప్పినాడు. ఫిల్టరు ఉన్నప్పుడు వాసన సరిగా వచ్చేది కాదన్నాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆయన స్వామి మొగం చూడలేదు.

స్వామి లేచినాడు. గోడకు తగిలించిన నల్లకంబళి తీసి భుజాన వేసుకున్నాడు. "పద, మీ ఇంటికి పోదాం," అన్నాడు.

ఇంటికి పోయేసరికి రెండుజాముల ఎండ. వీధిలో కుక్క కూడా లేదు. రసూలుది రెండు గదుల ఇల్లు. పక్కింటామె పిల్లకు అన్నం తినిపించి పడుకోబెట్టి పోయింది. పిల్ల లోపల నిద్రపోతోంది, లేపమంటారా అని రసూలు అడిగితే, వద్దన్నాడు స్వామి.

ఆ ఇంటికంతా ఒకటే ప్లగ్గు, లోపలి గది గుమ్మం పక్కన. మిషను తీగ పొట్టిది. అందుకని ఎప్పుడూ మిషను గుమ్మానికి వీపు పెట్టే కూర్చుంటుంది. స్వామి చుట్టూ తిరిగి దాన్ని చూసినాడు. కంబళిని దాని ఎనకాల, చీరతెర కిందుగా నేల మీద పరిచినాడు.

"మూటలో ఉండేది దాంట్లో పెట్టు. పెట్టి తిప్పు," అన్నాడు.

రసూలు సంచి బిగించి స్విచ్చి వేసినాడు. మోత మొదలైంది. కాసేపటికి వాసన వచ్చింది. ఉత్తిమాట కాదు, నిజంగానే వచ్చింది. తలనూనె, దాని కిందుగా సాంబ్రాణి. అప్పుడే తలంటుకున్న మనిషి పక్కనుంచి నడిచి పోయినట్టుంది. చీరతెర మెల్లగా లేచి, నిండుగా ఉబ్బి, అట్లనే నిలిచిపోయింది. లాలప్ప స్వామి దానికేసి చూసి, నుదుటికి చెయ్యి ఆనించి సలాం చేసినాడు.

 ఇన్నాళ్లూ ఎవరన్నా నమ్మితే బాగుండునని అనుకున్న రసూలుకు, తీరా స్వామే సలాం కొట్టేసరికి భయమేసింది.

"ఇంక ఆపు," అన్నాడు స్వామి.

మోత ఆగింది. చీర దిగింది. ఇల్లు నిమ్మళంగా అయింది. అప్పుడు లోపలి నుంచి రాగం వచ్చింది. సన్నగా లేస్తుంది, తెగినట్టు ఆగుతుంది, మళ్లీ లేస్తుంది.

"ఆమే స్వామీ," అన్నాడు రసూలు గొంతు తగ్గించి.

స్వామి వంగి కంబళి ఎత్తినాడు. ఆ కాసేపటికే నల్లకంబళి మీద పిండి జల్లినట్టు తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని రసూలు చేతుల్లో పెట్టి, ఆయన మణికట్టు పట్టుకుని గడప దాటబోయినాడు. రసూలు గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయినాడు.

"వద్దు స్వామీ. ఆగిపోతాది."

"ఆగిపోకూడదనే పోతాండాం," అన్నాడు స్వామి.

చీర పక్కకు తీసినాడు. లోపల గుడ్డివెలుగు. కిటికీ మూసి ఉంది, బయటి దుమ్ము రాకుండా రసూలే మూసినాడు. నులకమంచం మీద జైబున్ పక్కకు తిరిగి పడుకుని ఉంది. కనురెప్పల వెంట్రుకల మీద, పైపెదవి మీద సన్నటి తెల్లపొడి. నోరు తెరుచుకుని ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది.

రాగం ఆ మంచం మీద నుంచే వస్తోంది.

రసూలు చుట్టూ చూసినాడు. ఇంకెవరన్నా ఉన్నారేమోనని మూలలన్నీ చూసినాడు. స్వామి ఆయన మెడ మీద చెయ్యి వేసి, మెల్లగా కిందికి వంచి, చెవిని పిల్ల వీపుకు ఆనించినాడు.

అదే రాగం. ఇన్నాళ్లూ గడప అవతల నిలబడి, కళ్లు మూసుకుని, ఆగిపోకూడదని మొక్కుకుంటూ విన్నది అదే. ఇప్పుడు చెవికి ఆనుకుని ఉంది. మధ్య మధ్యలో తెగిపోయి, మళ్లీ ఎంతో కష్టం మీద లేస్తోంది. రసూలు తల ఎత్తలేకపోయినాడు.

పిల్లకు మెలకువ వచ్చింది. నాయన మొగం అంత దగ్గరగా చూసి బెదిరింది.

"నేను దగ్గలేదు నాయనా," అనింది. "దగ్గు వస్తే కూడా నోరు మూసుకున్నా. అమ్మ ఉండాదా, పోయిందా?"

అమ్మ వచ్చినప్పుడు దగ్గితే అమ్మ వెళ్లిపోతుందని ఆ పిల్లకు చెప్పి పెట్టింది రసూలే.

ఆయన నోట్లోంచి వచ్చిన కేకకు పక్కింటామె బయటికి పరిగెత్తుకొచ్చింది. రసూలు కంబళి అక్కడే పారేసి పిల్లను ఎత్తుకున్నాడు. తన చొక్కా అంచుతో దాని కళ్లు, మూతి తుడిచినాడు. ఆసుపత్రికి పోదాం తల్లీ, దగ్గు వస్తే దగ్గు, ఎంత కావాలంటే అంత దగ్గు అంటూ బయటికి వచ్చినాడు. పిల్ల ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టింది. రసూలు చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాకా వచ్చి, స్వామి తన వెంట రాలేదని అప్పుడు తెలిసి ఆగినాడు.

మిషను స్విచ్చి ఆపేసే ఉంది. వీధిలో గాలి లేదు. ఇంట్లోంచి తలనూనె వాసన మాత్రం ఇంకా వస్తానే ఉంది, ఇందాకటి కంటే ఎక్కువగా.

లోపల స్వామి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇంట్లో పెద్దకూతురికి సర్దిచెప్పినట్టుంది ఆయన గొంతు.

"వాడు బిడ్డ దగ్గరికి వచ్చినాడు తల్లీ. ఇంక నువ్వు పో."

చీర ఒకసారి కదిలిన చప్పుడైంది.

రసూలు వెనక్కి తిరిగి చూడలేదు. మెడ దగ్గర ఆడుతున్న పిల్ల ఊపిరినే వింటూ, ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తినాడు.