మంగాయమ్మ కొట్లో దొరబాబు కొసరు

సత్యలింగంగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ సంగతి తెలిసిన తరవాత మాలో తెలివైనవాళ్ళు అడగడం మానేసి, వినడంతో సరిపెట్టుకున్నారు. ఆయన మఠం కట్టుకున్నవారూ కారు, కాషాయం కట్టినవారూ కారు. వీరంపేటలో రైసుమిల్లు వెనక సందులో ఒక పెంకుటిల్లు, సాయంత్రమైతే వరండాలో రెండు చాపలు, వాటి మీద మేము. పదకొండో వార్డు కౌన్సిలరు దొరబాబు మా అందరికంటే ఆలస్యంగా చేరాడు. అందుచేత ఇంకా అడుగుతూనే ఉండేవాడు.

ఆ వేసవిలో అతన్ని పట్టుకున్న ప్రశ్న చిన్నది కాదు. బైపాసు రోడ్డు పక్కన ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కొట్టు పెడతామని వచ్చారు. ఉప్పు దగ్గర్నుంచి ఉయ్యాలబల్ల దాకా ఒకే కప్పు కింద దొరికే రకం. ఇంకా పునాది తియ్యకుండానే ఊరివాళ్ళు దానికి పెద్దకొట్టు అని పేరు పెట్టేశారు. అయితే అది రావాలంటే మున్సిపాలిటీ స్థలం కారుచౌకగా ఇవ్వాలట, కొన్నేళ్ళపాటు పన్ను వదిలెయ్యాలట, ఊరి నీళ్ళలోంచి వాళ్ళకొక పైపు ఉచితంగా వెయ్యాలట. శుక్రవారం కౌన్సిల్లో తీర్మానం. సభ్యులు సగం అటు, సగం ఇటు అయ్యారు. దొరబాబు చెయ్యి లేస్తే తీర్మానం గట్టెక్కుతుంది, లేకపోతే ఆగుతుంది.

"గురువుగారూ, పప్పు చవగ్గా వస్తుందండి, నూనె చవగ్గా వస్తుందండి. మా వార్డులో కూలికెళ్ళే ఆడాళ్ళు నన్ను ఆపి మరీ ఎప్పుడు తెరుస్తారు బాబూ అని అడుగుతున్నారండి. పేదోడికి నాలుగు రూపాయలు మిగిలే పనికి చెయ్యెత్తితే తప్పేంటండి?" అన్నాడు.

అడిగినదాంట్లో వంకర లేదు. నిజం చెప్పాలంటే మాలో చాలామందిమి లోపల్లోపల అతని పక్షమే. సత్యలింగంగారు విసనకర్ర ఆపి, "మంగాయమ్మ కూతురికి ఒంట్లో బాగోలేదట. రేపు వెళ్ళి చూసిరావాలంటోంది. వచ్చేదాకా ఆవిడ కొట్లో నువ్వు కూర్చో నాయనా," అన్నారు. దొరబాబు సాయం కోసం మా మొహాల్లోకి చూశాడు. మేము చాప అంచులు సర్దుకున్నాం.

మంగాయమ్మది బజారు వీధిలో కిరాణా కొట్టు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఒంటి చేత్తో నెట్టుకొస్తోంది. అవి ఆవకాయల రోజులు. ఏడాది మొత్తంలో ఆవిడకి కాస్త ఊపిరాడేది అప్పుడే. ఆ బేరం కోసం ఉన్నదంతా పెట్టి సరుకు తెచ్చుకుంది. కొట్టు మూల బెల్లం దిమ్మలు నడుమెత్తు రాశిగా ఉన్నాయి. అవి సరిగ్గా అమ్ముడైతే వానాకాలం, చలికాలం కొట్టు నిలబడుతుంది, లేకపోతే తలుపు వేసుకోవాలి. మర్నాడు పొద్దున్నే తాళాలు దొరబాబు చేతికిస్తూ, "కొసరు అడుగుతారండి, లేదనకండి బాబూ. కాపోతే చెయ్యి చూసుకుని వెయ్యండి," అని చెప్పి బస్సెక్కింది. దొరబాబు తలూపాడు. చెయ్యి చూసుకోవడం అతని ఇంటా వంటా లేదు.

సత్యలింగంగారూ నేనూ ఎదురుగా గుర్నాథంగారి కొట్టు అరుగు మీద కూర్చున్నాం. గుర్నాథంగారిదీ కిరాణాయే. ఇద్దరూ ఎదురెదురు కొట్లవాళ్ళే అయినా, మంగాయమ్మ దగ్గర చిల్లర లేకపోతే ఆయన ఇచ్చేవాడు, ఆయన దగ్గర మెంతులు అయిపోతే ఆవిడ పంపేది.

మొదట వచ్చిన ఆవిడ బెల్లం తూయించుకుని, అలవాటు ప్రకారం కొసరు వెయ్యమంది. మంగాయమ్మ అయితే వేలెడు ముక్క వేసేది. దొరబాబు గుప్పెడు బెల్లం తీసి సంచిలో వేశాడు. ఆవిడ నమ్మలేనట్టు చూసి, "బాబుగారి చెయ్యి పెద్దదండి," అంది. ఓట్లడిగే మనిషికి అంతకంటే కావలసిందేముంది? తరవాత వచ్చినావిడకి రెండు గుప్పెళ్ళు వెళ్ళాయి. ఆవపిండి మీద కొసరు, కారం మీద కొసరు, ఉప్పు కొన్నవాళ్ళకి కూడా బెల్లం కొసరు. మాట వీధి చివరికి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు. మా అరుగు మీద సగం సరుకు తూయించుకున్న ఒకావిడ, "ఇప్పుడే వస్తానండి," అని గుర్నాథంగారికి చెప్పి, సంచీ అక్కడే వదిలేసి ఎదురుకొట్టుకి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది సంచీ కోసమే.

గుర్నాథంగారు తనూ ఒకరిద్దరికి కొసరు పెంచి చూశాడు. తరవాత కాటా మీద గుడ్డ కప్పి, "ఏంటండీ ఇది?" అని సత్యలింగంగారిని అడిగాడు. "కూర్చో, చూద్దాం," అన్నారాయన.

మంగాయమ్మ కొట్లో బస్తాలు మోసే మనిషి ఏసోబు. మధ్యాహ్నం కొట్టు కాస్త పల్చబడ్డాక అన్నం తినడం అతని అలవాటు. ఆ రోజు కొట్టు పల్చబడలేదు. మేకుకి తగిలించిన క్యారేజీ వైపు వెళ్ళినప్పుడల్లా, "ఏసోబూ, ఇంకో దిమ్మ తీసుకురా," అని కేక వినపడేది. కాసేపటికి అతను ఆ మేకు వైపు చూడటం కూడా మానేశాడు.

ఎండ మండిపోతోంది. జనం నీళ్ళడిగారు. అదే సమయానికి మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరు వీధి మలుపు తిరిగింది. దొరబాబు మెట్లు దిగి రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. "ఇవి దిబ్బకాలనీకండీ," అన్నాడు డ్రైవరు. "నేను చెప్తాలే, పైపు ఇటు పెట్టు," అన్నాడు దొరబాబు. డ్రమ్ము నిండింది. తాగినవాళ్ళు తాగారు, తరవాత మొహాలు కడుక్కున్నారు, కొందరు కాళ్ళు కూడా కడుక్కున్నారు. సత్యలింగంగారు తాగలేదు. దొరబాబు చొక్కా తడిసి, చేతులు మోచేతుల దాకా బెల్లమై, పెళ్ళివారింటి పెద్దలా వెలిగిపోతున్నాడు. అతన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

పొద్దు వాలుతుండగా మంగాయమ్మ వచ్చింది. జనాన్ని చూడలేదు, గల్లాపెట్టె చూడలేదు, తిన్నగా మూలకి చూసింది. అక్కడ బెల్లం మోకాలెత్తు కూడా లేదు.

"నీ కొట్టు ఎప్పుడైనా ఇంత కళకళలాడిందా మంగాయమ్మా?" అన్నాడు దొరబాబు.

ఆవిడ గల్లా తెరిచి, చెయ్యి పెట్టి కదిపి, మూసేసింది. "పోయిన సరుక్కి ఇది చాలదండి బాబూ," అంది నెమ్మదిగా. దొరబాబు గబగబా జేబు తడుముకుని, తక్కువైంది తను వేస్తానన్నాడు. వేశాడు కూడా. అందులో అతను లోటు చేసే మనిషి కాదు. మంగాయమ్మ ఆ డబ్బు పుచ్చుకుని, అక్కడే నిలబడి, "బెల్లానికి ఇచ్చారు, బానే ఉందండి. రేపు వీళ్ళందరూ ఇంతే కొసరు అడుగుతారు. ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అంది.

దొరబాబు చుట్టూ చూశాడు. ఎదురుగా గుర్నాథంగారు కొట్టు తలుపులు పెందలాడే వేసుకుంటున్నాడు. వెనకగదిలో ఏసోబు గోడకి జారగిలబడి, పుల్లబడిపోయిన అన్నం వాసన చూసి క్యారేజీ మూత పెట్టేస్తున్నాడు. అప్పుడే దిబ్బకాలనీ నుంచి చిట్టెమ్మ అనే ఆవిడ చంకలో ఖాళీ బిందెతో వచ్చి మెట్ల కింద నిలబడింది. దెబ్బలాటకి రాలేదు. తడిసిన రోడ్డు కాసేపు చూసింది.

"మా నీళ్ళు ఇక్కడ దిగిపోయాయంటండి. ఎసట్లోకి కూడా లేవు. మీ చెయ్యి చాలా మంచిదని చెప్పుకుంటున్నారండి దారంతా," అంది.

నాకు అక్కణ్ణించి లేచి వెళ్ళిపోవాలనిపించింది. దొరబాబు కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. బెల్లం ఎండి, వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. సత్యలింగంగారు అరుగు దిగి వచ్చి అతని పక్కన నిలబడ్డారు.

"చెయ్యి నీదే దొరబాబూ," అని, తక్కిన మాట చెప్పకుండా ఇంటికి నడిచారు.

ఆ సాయంత్రం దొరబాబు సొంత ఖర్చుతో కాలనీకి ట్యాంకరు తోలించాడు. ఏసోబుని తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు. అవి ఎవరైనా చేసేవే. నేను మెచ్చుకున్నది ఆ తరవాత చేసింది. మర్నాడు పొద్దున్నే, ఎవరూ పిలవకుండానే మంగాయమ్మ కొట్టుకి వచ్చి, "ఇవాళ కూడా కాటా దగ్గర నేనే ఉంటాను. ఆ మాటలేవో నేను పడతాను," అన్నాడు. పడ్డాడు. వేలెడు ముక్క వేస్తుంటే, "నిన్న ఇచ్చిన చేతికి ఇవాళేం రోగం వచ్చింది?" అని అడిగారు. "ఓట్లప్పుడు చూద్దాంలే," అని ఒకావిడ సంచీ దులుపుకుని వెళ్ళిపోయింది. అతను ఒక్కరికీ ఎదురు చెప్పలేదు, ఒక్కరికీ ముక్క పెంచలేదు. మంగాయమ్మకే జాలేసి, ఇక వెళ్ళండి బాబూ అన్నా కదల్లేదు. మధ్యాహ్నం కాగానే కాటా ఆపి, ఏసోబు క్యారేజీ తనే మేకు మీంచి తీసి ఇచ్చాడు. శుక్రవారం దాకా రోజూ ఇదే వరస.

శుక్రవారం కౌన్సిల్లో తీర్మానం చదివారు. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు మంచి చొక్కా వేసుకుని, మంచి తెలుగులో, పేదవాళ్ళకి ఎంత మిగులుతుందో చెప్పాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. చేతులెత్తమన్నారు. దొరబాబు చెయ్యి బల్ల మీదే ఉంది.

"రావద్దని నేననటం లేదండి," అన్నాడు లేచి. "రమ్మనండి. గుర్నాథంగారిలాగే పన్ను కట్టమనండి, నీళ్ళకి అందరిలాగే బిల్లు కట్టమనండి, పనోళ్ళని వేళకి అన్నం తిననియ్యమనండి. అప్పుడు ఎంత చవగ్గా అమ్ముతారో అమ్మమనండి. ముందు సంచీ పట్టుకెళ్ళేది నేనే."

కొందరు నవ్వారు. కంపెనీ కుర్రాడు నవ్వలేదు, కాగితాలు సర్దుకున్నాడు. ఒక్క చెయ్యి తక్కువై తీర్మానం ఆగింది. వచ్చే సమావేశంలో మళ్ళీ పెడతామని ఛైర్మన్ ప్రకటించాడు.

సాయంత్రం దొరబాబు వరండాకి వచ్చేసరికి బాగా నలిగిపోయి ఉన్నాడు. దారి పొడుగునా వార్డువాళ్ళు ఆపి అడిగారట, మా నోటికాడ కూడు ఎందుకు తీశావని. ఇంట్లో భార్య కూడా మాట్లాడలేదట. వస్తూనే చాప మీద చతికిలబడ్డాడు.

"అందరూ తిడుతున్నారండి. దొరబాబు చెయ్యి చిన్నదైపోయిందంటున్నారు. ఆ కంపెనీవాళ్ళు ఊరుకోరండి, వచ్చే నెల సమావేశానికి మళ్ళీ వస్తారు. మరింత గట్టిగా వస్తారు," అన్నాడు. "నేనూ ఆ సమావేశానికి వెళ్తాననుకోండి," అని మళ్ళీ తనే అన్నాడు.

సత్యలింగంగారు విసనకర్ర అతని వైపు తిప్పి నాలుగుసార్లు విసిరారు.

"ఒకసారి రాశి కనపడ్డాక, వేలెడు ముక్క వేసే చెయ్యి ఎవరిదైనా చిన్నదే అవుతుంది నాయనా. అప్పుడు కూడా అదే చెయ్యి తీసుకెళ్ళు."