నూకాలు చూసుకున్న దీపం

కొత్త బురుజు కుంగుతోందన్న పాపానికి తాపీమేస్త్రి అప్పలస్వామిని రాజుగారు ఆ బురుజులోనే ఖైదు చేయించారు. అతని పెళ్ళాం నూకాలు రోజూ సందెవేళ ఎదుటి కొండరాతి మీద కూర్చుని, కోటగోడ మీదుగా కనబడే అతని కిటికీ దీపం చూశాకే అన్నం తినేది. దీపం మెల్లమెల్లగా దిగుతూ ఒకనాడు గోడచాటుకు పోయింది. నూకాలు కొలువుకెళ్ళి మొరపెట్టుకుంది.

"మెట్టు మీంచి కిటికీ దాకా నేనే కొలుస్తున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు బురుజు కట్టించిన స్థపతి.

"ఆ మెట్టూ బురుజుదే కదా బాబూ. పడవతోపాటు మునిగేవాడికి పడవ కుంగినట్టు ఎలా తెలుస్తుంది? నేను ఒడ్డునుంచి చూశాను."

రాజుగారు సందెవేళ కొండరాతి మీద కూర్చున్నారు. గోడే కనబడింది. "నీకేం కావాలి?" అన్నారు.

"బురుజును లేపి నా దీపం నాకు చూపించండి ప్రభూ. అది కుదరకపోతే, దీపం పెట్టే మనిషిని ఇంటికి పంపండి."

మర్నాటి సందెకు కొండరాతి మీద ఎవరూ లేరు.